నా రిజిస్టర్‌లో ఒకే ఒక్క కొట్టివేత

వెయిటింగ్ రూమ్ డ్యూటీకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు నన్ను ఎక్కడ చూసినా ఒకటే అడుగుతారు. "ఆంటీ, పంతొమ్మిదేళ్ళు అదే కుర్చీలో ఎలా కూర్చున్నారు?" అని. మధ్యలో రెండుసార్లు కుర్చీ మార్చారమ్మా అని చెబుతాను. అంతకుమించి చెప్పడానికి ఆ ఉద్యోగంలో పెద్దగా ఏమీ లేదు. మా ఆయన లోకో షెడ్‌లో ఫిట్టర్. ఆయన పోయాక ఆయన ఉద్యోగానికి బదులు నాకు ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్ తలుపు పక్కన ఈ కుర్చీ ఇచ్చారు. లోపలికి వచ్చిన మనిషిని టికెట్ అడగాలి, రిజిస్టర్‌లో రాయాలి, బాత్రూమ్ ఎటో చూపించాలి, తొంగిచూసే మగవాళ్ళని కసరాలి. నాలుగూ బాగానే చేశాను, చివరిది మరీ బాగా చేశాను.

రిజిస్టర్‌లో ఐదు గడులు. పేరు, టికెట్ నంబరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, వచ్చిన టైము. చదువురాని వాళ్ళకి నేనే రాసిపెట్టేదాన్ని. మనిషి ఏది చెబితే అది రాయడం నా పద్ధతి. ఒకావిడ 'ఎక్కడి నుంచి' అంటే 'అత్తారింటి నుంచి' అంది, అదే రాశాను. మా సూపర్‌వైజరు చూసి నవ్వాడే తప్ప దిద్దలేదు. రాసింది కొట్టెయ్యడం నాకు ఇష్టం ఉండేది కాదు. కొట్టేస్తే ఆ మనిషి అబద్ధం చెప్పినట్టో, నేను నిద్రపోతున్నట్టో కనిపిస్తుంది.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. మా పక్కన సెకండ్ క్లాస్ హాలు ఉంది. అక్కడ అటెండెంట్ ఒక బిహారీ ఆవిడ. నా గది నిండిపోతే చిన్న చీటీ మీద ఎంతమందో రాసి ఆవిడ దగ్గరికి పంపేదాన్ని. ఆవిడ హాలు నిండితే బాలింతలని, ముసలివాళ్ళని చీటీ ఇచ్చి నా దగ్గరికి పంపేది. చీటీతో వచ్చిన మనిషిని వెనక్కి తిప్పి పంపకూడదు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, మాకు ముందున్నవాళ్ళ దగ్గర్నుంచి అలా వచ్చేసింది. నీళ్ళ కుళాయి విషయంలో మా ఇద్దరికీ చెడింది. నాలుగేళ్ళు మాటల్లేవు. చీటీలు మాత్రం ఒక్క రోజు ఆగలేదు.

నా రిటైర్మెంట్‌కి ఇంకో ఎనిమిది నెలలుందనగా జరిగింది ఇది. అప్పటికి మీలో కొంతమంది ఇంకా కాలేజీలో ఉండి ఉంటారు. పొద్దున్న ఏడింటికి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. వీపుకి గుడ్డతో కట్టుకున్న ఏడాది పాప, చేతిలో ఒక సంచి, మెడలో తాడుకి వేలాడే ప్లాస్టిక్ కవరు. కవర్లో రెండు టికెట్లు, నాలుగు మడతల కాగితం ఒకటి. హౌరా నుంచి మన టాటానగర్ స్టేషన్ దాకా ఒక టికెట్టు, ఇక్కడి నుంచి మధ్యాహ్నం మూడున్నర బండికి ఢిల్లీ దాకా ఇంకోటి. నేరుగా బెర్తు దొరకనప్పుడు ఏజెంట్లు ప్రయాణాన్ని ఇలా ముక్కలు చేసి ఇస్తారు. 'ఎక్కడి నుంచి' అని హిందీలో అడిగాను. ఐజ్వాల్ అంది. ఆ వైపు పిల్లలు మనకి కొత్త కాదు, మిజోరం అమ్మాయి అనుకుని ఐజ్వాల్ అని రాశాను. 'ఎక్కడికి' గడిలో ఢిల్లీ.

పది కాకముందే పాప సొమ్మసిల్లినట్టయింది. పొద్దుట్నుంచీ విరేచనాలు, పాలు పడితే కక్కేస్తోంది. రైల్వే డాక్టరు వచ్చాడు. ఏం పెట్టావు, ఎన్నిసార్లయింది, ఎప్పట్నుంచి అని అడిగాడు. ఆ అమ్మాయికి హిందీ పది మాటలు వచ్చు, ఆ పదిలో ఇవి లేవు. ఆయన పొడి ప్యాకెట్లు ఇచ్చి, నీళ్ళలో కలిపి పట్టమని సైగ చేసి, వేరే ప్లాట్‌ఫారమ్ మీద ఎవరో పడిపోయారంటే వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, పాప నోటి దగ్గర వేళ్ళు పెట్టి బతిమాలుతున్నట్టు ఏదో అంది. అందులో 'థమిన్' అన్న మాట ఒక్కటి నా చెవిన పడింది.

ఆ మాట నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ తెలుసు. మా అత్త బర్మాలో, రంగూన్‌లో పుట్టింది. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాత ఓడ రేవులో కూలికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. అరవైల్లో అక్కడి ప్రభుత్వం పొమ్మంటే, పద్దెనిమిదేళ్ళ పిల్లగా విశాఖపట్నంలో ఓడ దిగింది. పెళ్ళయి ఈ ఊరొచ్చి, బర్మామైన్స్ బస్తీలో మా ఇరుకింట్లో దాదాపు అరవై ఏళ్ళు కాపురం చేసినా, ఇంటికెవరొచ్చినా మొదట అడిగేది ఒకటే. "థమిన్ సా పీ బీ లా?" అన్నం తిన్నావా అని. పాలవాడికీ అదే, గ్యాస్ సిలిండరు తెచ్చినవాడికీ అదే. వాళ్ళు కూడా నేర్చుకుని ఆవిణ్ణే తిరిగి అడిగేవారు.

ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మాయి ఎత్తింది. నాన్నమ్మని ఆటోలో స్టేషన్‌కి పంపు అన్నాను. "క్యూఁ? క్యా హువా?" అంది, ఎందుకు, ఏమైంది అని. మా అమ్మాయికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. సంగతి చెప్పాను. పావుగంటలో అత్త గంజి బాటిల్‌తో సహా దిగింది. మంచి చీర కట్టుకుంది. ఆ చీర ఎందుకో నాకు అప్పుడే అర్థమై ఉండాలి.

మా అత్తకి చెవుడు. తనకి వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినపడదని ఆవిడ నమ్మకం. గుమ్మంలో నిలబడి "థమిన్ సా పీ బీ లా?" అని అరిచింది. గదిలో ఉన్న పన్నెండుమంది తలెత్తారు. ఆ అమ్మాయి మాత్రం మా అత్త మొహం చూసి ఏడవడం మొదలుపెట్టింది. అత్త వెళ్ళి పక్కన కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకుంది. అరవై ఏళ్ళకి పైగా వాడని భాష అలా కుళాయి తిప్పినట్టు వచ్చేసింది. ఉప్పేసిన గంజి చెంచాతో పడుతూ, మధ్యమధ్య నాకు తెలుగులో చెబుతూ, ఆ మూల నుంచి ఈ మూలకి వినిపించేలా మాట్లాడుతూనే ఉంది.

"ఒలే, ఈల్లది ఏరవతల ఊరంట. మిలట్రీవోల్లు ఊరు కాల్చీసినారంట. ఏరు దాటి ఇవతల ఐజ్వాల్ కాడ నాలుగు నెల్లు కేంపులో ఉన్నాదంట. ఇవతలోల్లూ ఈల్ల జాతే, అన్నం ఎట్టినారంట. దీని పెనిమిటి ముందే ఢిల్లీ ఎల్లిపోనాడు. ఎల్లుండి అక్కడ ఆపీసులో దీన్ని పిలిసి అడుగుతారంట, ఎందుకొచ్చినావు, ఏటయినాదీ అని. నిజమని తేలితే కార్డు ఇత్తారు. మల్లీ అటు తోలీయరు."

"అత్తా, నెమ్మదిగా."

"ఏటి?"

"నెమ్మదిగా మాటాడు."

"నెమ్మదిగానే కదే మాటాడతన్నాను."

నేను ఇంకోసారి చెప్పలేదు. ఎందుకంటే నాకూ గర్వంగా ఉంది. నా వెయిటింగ్ రూమ్‌లో డాక్టరు చెయ్యలేనిది మా అత్త చేసింది. పాప మూడు గంటల్లో కళ్ళు తెరిచి అత్త మెడలో గొలుసు లాగింది. టీ తాగడానికి వచ్చిన ఎంక్వయిరీ తమ్ముణ్ణి కూడా నేనే పిలిచి చూపించాను. సొంత తమ్ముడు కాదు, అతనిది ఇచ్ఛాపురం దగ్గర, కౌంటర్లో రైళ్ళ గురించి ఎవరడిగినా విసుక్కుంటాడు గానీ ప్రపంచ వ్యవహారాలు ఎంతసేపైనా చెబుతాడు.

"అక్కా, ఇలగ పానబయంతో వచ్చినోల్లని ఏటి సెయ్యాలో రెండు దేసాలూ కూకుని ముందే రాసుకోవాలి," అన్నాడు.

"రాసుకున్నాయా?"

"నేదు."

"మరేం చేస్తాయి?"

"ఒకలి మీదకి ఒకలు తోసుకుంతాయి."

మేమైతే చీటీలు పంపుకుంటాం కదా అన్నాను. "దేసం వెయిటింగ్ రూమ్ కాదక్కా," అన్నాడు. ఆ మాట నిజమే అని ఒప్పుకున్నాను. మా గదిలో ఫ్యాన్లయినా ఉన్నాయి.

కిటికీ పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. ఏదో పెద్ద ఆఫీసరు గారి భార్య, మంచి మనిషే. పాపకి బిస్కెట్ ప్యాకెట్ కూడా ఇచ్చింది. అత్తని చూసి నవ్వుతూ, "మాజీ, యే కౌన్‌సీ భాషా హై?" అంది. ఏ భాష ఇది అని.

మా అత్త ఆ ప్రశ్న కోసం అరవై ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. ఈ ఊళ్ళో ఎవరూ ఆవిణ్ణి ఆ మాట అడగలేదు. చీర సర్దుకుని, బర్మా భాష అనీ, తను రంగూన్‌లో పుట్టాననీ హిందీలో చెప్పింది.

"ఔర్ యే?" అంది ఆవిడ, అమ్మాయిని చూపించి.

"యే భీ వహీఁ కీ హై," అంది మా అత్త. ఇదీ అక్కడిదే అని. సొంత మనిషిని పరిచయం చేసినట్టు ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పింది.

ఆఫీసరు భార్య తలూపింది. ఫోన్ తీసింది. రైల్వే వాళ్ళు ఫిర్యాదులకి ఫోన్‌లో సదుపాయం పెట్టారు కదా, బాత్రూమ్‌లో నీళ్ళు రాకపోతే అందులో రాస్తారు. ఈవిడ పరాయి దేశపు మనిషి వెయిటింగ్ రూమ్‌లో ఉందని రాసింది. నీళ్ళ గురించి రాస్తే మూడు రోజులు పడుతుంది. దీనికి ఇరవై నిమిషాలు పట్టింది. పోలీసులు వచ్చాక ఆవిడ నాతో, నాకేం కోపం లేదమ్మా, కానీ రూలంటూ ఒకటి ఉండాలి కదా అంది. ఉండాలి అన్నాను.

వచ్చిన ఇన్‌స్పెక్టరు నాకు పన్నెండేళ్ళుగా తెలుసు. మా ఇంటి ఆవకాయ ఏటా ఆయన ఇంటికి వెళుతుంది. ఆయన మాట్లాడేదంతా హిందీయే, మీకు తెలుగులో చెబుతున్నాను. మమ్మల్ని అందర్నీ తన గదికి తీసుకెళ్ళి, ఆ అమ్మాయి మెడలోని కవరు తీసి, మడత కాగితం విప్పి రెండుసార్లు చదివాడు. ఢిల్లీలో శరణార్థుల ఆఫీసుకి ఎల్లుండి ఉదయం పదకొండింటికి హాజరు కావాలని అందులో ఉంది. పాస్‌పోర్టు లేదు. బీరువా తెరిచి ఫారాల కట్టలు అన్నీ తిరగేశాడు.

"దొంగ దొరికితే ఫారం ఉంది దీదీ. పిల్ల తప్పిపోతే ఉంది. శవం దొరికితే మూడు కాపీలున్నాయి. ప్రాణం కాపాడుకోవడానికి వచ్చానని చెప్పే మనిషికి మాత్రం లేదు. కాగితాలు లేకుండా వచ్చిన విదేశీ అని ఒక్కటే ఉంది."

"ఎల్లుండి పిలిచారు కదా సాబ్. పంపెయ్యండి. వాళ్ళే తేలుస్తారు."

ఆయనకి కూడా అలాగే పంపెయ్యాలని ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పైవాళ్ళకి ఫోన్ చేశాడు. వాళ్ళు ఇంకా పైవాళ్ళకి చేశారు. ఫిర్యాదు నంబరు పడిపోయింది కాబట్టి రిపోర్టు రాయక తప్పదన్నారు. ఫిర్యాదు నోటితో చేసి ఉంటే ఎవరైనా విననట్టు ఊరుకునేవాళ్ళేమో. నంబరు పడ్డాక దాన్ని మూసెయ్యాలి, మూసెయ్యడానికి ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి.

అప్పటిదాకా మా అత్త ఇంకా పాపకి గంజి పడుతూనే ఉంది. సంగతి ఎటు పోతోందో ఎంక్వయిరీ తమ్ముడు ఆవిడ చెవిలో చెప్పాడు. చెంచా ఆగిపోయింది. లేచి ఇన్‌స్పెక్టరు బల్ల ముందుకి వచ్చి తనకొచ్చిన హిందీలో మొదలుపెట్టి, కోపం రాగానే తెలుగులోకి వచ్చేసింది.

"నానూ అక్కడే పుట్టినాను బాబూ. అప్పటికి ఈ దేసం ఎలగుంతాదో నాకు తెల్దు. ఓడ దిగితే మీవోల్లు నా పేరు రాసుకున్నారు, తిరిగొచ్చినాదని. నానెప్పుడెల్లినాను తిరిగి రావడానికి? అయినా రాసుకున్నారు. టెంటిచ్చినారు, బియ్యమిచ్చినారు. దీనికి ఓడ నేదు, నడిసొచ్చినాది. అంతే కదా తేడా."

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తమ్ముడు హిందీలో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టాడు. తర్వాత నా రిజిస్టర్ తెప్పించాడు.

"ఇందులో ఐజ్వాల్ అని ఉంది దీదీ. రిపోర్టులో మయన్మార్ అని ఉంటుంది. రెండూ కలవకపోతే ముందు అడిగేది నిన్నే. దొంగ వివరాలతో మనిషిని కూర్చోబెట్టావంటారు. దిద్దెయ్. పక్కన సంతకం పెట్టు."

నేను ఆ అమ్మాయి వైపు చూడలేదు. ఐజ్వాల్ మీద గీత కొట్టి, పైన మయన్మార్ అని రాసి, సంతకం పెట్టాను. ఎనిమిది నెలల్లో రిటైర్మెంట్, పెన్షన్ కాగితాలు అప్పుడే కదులుతున్నాయి. ఎందుకు కొట్టావంటే ఆ భయం ఒక్కటే. ఇంకాస్త మర్యాదైన కారణం ఏదైనా దొరుకుతుందేమో అని తర్వాత చాలాసార్లు వెతికాను. దొరకలేదు. సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

మూడున్నర బండి ఆ రోజు సరిగ్గా టైముకి వచ్చింది. ఆ బండి టైముకి రావడం నా ఉద్యోగంలో పదిసార్లు చూసి ఉంటాను. అనౌన్సుమెంటు వినగానే ఆ అమ్మాయి పాపని వీపున కట్టుకుని, సంచి తీసుకుని లేచి నిలబడింది. బండి ఐదు నిమిషాలు ఆగి, వెళ్ళిపోయింది. అది వెళ్ళిన శబ్దం పూర్తిగా ఆగాక కూడా ఆమె అలాగే నిలబడి ఉంది. అప్పుడు మా అత్త వెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆటోలో ఇంటికి వస్తూ అత్త ఒక్కటే మాట అంది.

"నా నోరు, నీ సెయ్యి. ఇద్దరం కలిసి సేసినాం."

ఆ తర్వాత ఇంట్లో ఆ పలకరింపు ఆగిపోయింది. పాలవాడు "థమిన్ సా పీ బీ లా, దాదీ?" అని అడిగితే వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయేది. చెవుడు కదా అని అతను ఇంకా గట్టిగా అడిగేవాడు. ఇక అడక్కు బాబూ అని నేనే చెప్పాను.

ఆ అమ్మాయిని పాపతో సహా జైలుకి పంపారు. నెలకి రెండుసార్లు ములాఖాత్‌కి వెళ్ళేవాళ్ళం. జైలు గేటు దగ్గర కూడా రిజిస్టర్ ఉంది, దానికి ఆరు గడులు. ఆరో గడి, ఖైదీతో సంబంధం. మొదటిసారి అక్కడి కానిస్టేబుల్ అడిగితే అత్త "మా ఊరిది" అంది. రంగూన్ ఎక్కడ, ఏటి అవతలి ఆ పల్లె ఎక్కడ. అతను పట్టించుకోలేదు, ఒకే ఊరు అని రాసేశాడు. నన్నడిగితే, ఈవిడకి తోడొచ్చాను అన్నాను. ప్రతిసారీ అదే రాయించాను. లోపల అత్త ఊచల దగ్గర మొహం పెట్టి గుసగుసగా మాట్లాడేది. ఆవిడకి గుసగుస చేతనవుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి నన్ను ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆరు నెలలకి కోర్టు నుంచి నాకు కబురొచ్చింది, సాక్షిగా రమ్మని. పోలీసుల తరఫు సాక్షిని నేను. కాగితాలు లేకుండా వచ్చిందన్నది ఒక కేసు. ఐజ్వాల్ అని చెప్పి తన దేశం దాచి మోసం చేసిందన్నది రెండోది. దానికి రుజువు నా రిజిస్టర్, అందులో నా కొట్టివేత, నా సంతకం. రాంచీ నుంచి ఫీజు లేకుండా వాదించడానికి వచ్చిన వకీలమ్మ ముందు రోజు నాకు విడమరిచి చెప్పింది. మోసం అని తేలితే ఈ అమ్మాయి ఇక ఏ ఆఫీసులో ఏం చెప్పుకున్నా ఎవరూ నమ్మరని, శిక్ష కాగానే సరిహద్దు దాటించేస్తారని. రిటైర్మెంట్‌కి ఇంకో నెలన్నర ఉంది. ఆ రాత్రి బాగానే నిద్రపోయాను. అది నాకే ఆశ్చర్యం.

మెజిస్ట్రేటు ఆడమనిషే. చిన్నావిడ. రిజిస్టర్ నా ముందు పెట్టించింది.

"ఐజ్వాల్ అని రాసిందెవరు?"

"నేనే మేడమ్."

"కొట్టేసింది?"

"నేనే."

"ఎందుకు కొట్టేశావు?"

"దిద్దమన్నారు. భయమేసి దిద్దాను."

కోర్టులో ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు. ఆయన కిటికీ వైపు చూశాడు.

"ఈమె నీకు అబద్ధం చెప్పిందా?"

"లేదు మేడమ్. ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగాను. నాలుగు నెలలుగా ఎక్కడ ఉందో, ఏ చోటు నుంచి బయల్దేరిందో ఆ చోటు చెప్పింది. ఏ దేశమని నేను అడగలేదు. ఆ గడి మా రిజిస్టర్‌లో లేదు. నేను ముందు రాసిందే సరైనది. దిద్దింది తప్పు. ఆ తప్పు నాది."

ఆవిడ రిజిస్టర్ పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. నిదానంగా తిప్పింది. అత్తారింటి నుంచి, పుట్టింటి నుంచి, ఆస్పత్రి నుంచి, పరీక్ష నుంచి. అన్నీ జనం చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. చివరి పేజీ దాకా చూసి, "ఇంకెక్కడా కొట్టివేత లేదే," అంది. లేదు మేడమ్ అన్నాను.

మోసం కేసు నిలబడలేదు. కాగితాల్లేని కేసుకి, అప్పటిదాకా లోపల ఉన్న రోజులే శిక్షగా లెక్క వేశారు. అయినా వెంటనే వదల్లేదు. అటు పంపుదామంటే ఆ దేశం వాళ్ళు ఈమె మా మనిషే అని జవాబియ్యరు, ఇటు వదులుదామంటే మన మనిషి కాదు. వకీలమ్మ పై కోర్టుకి వెళ్ళి, ఢిల్లీలో ఆమె మాట వినేదాకా సరిహద్దు దాటించకూడదని ఆర్డరు తెచ్చేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఈలోపు రికార్డు ఎందుకు దిద్దావని నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. తప్పయింది అని ఒక్క వాక్యం రాసిచ్చాను. నేను రిటైరయ్యే రోజు దండ వేసి, ఆ ఫైలు కూడా మూసేశారు.

ఢిల్లీలో ఏమైందని అడుగుతారు. ఇంకా తేలలేదు. అక్కడ కూడా ఒక గది ఉంది, కుర్చీలున్నాయి, నంబరు పిలుస్తారు. వాళ్ళాయన ఆదివారాలు ఫోన్ చేస్తాడు. ఒకసారి పిలిచి మూడు గంటలు విన్నారట, మళ్ళీ పిలుస్తామన్నారట. దేశాలు ఏం చెయ్యాలో చెప్పేంత చదువు నాకు లేదు. నాకు తెలిసింది ఆ గది ఒక్కటే. టికెట్ ఉన్న మనిషిని బండి వచ్చేదాకా కూర్చోనివ్వాలి. గది నిండితే పక్క గదికి చీటీ రాయాలి, చీటీతో వచ్చిన మనిషిని పక్క గదివాళ్ళు తీసుకోవాలి. బండి రాకముందే ఎవరినీ పట్టాల మీదకి తోసెయ్యకూడదు. అది తప్ప మిగిలినవన్నీ ఎంక్వయిరీ తమ్ముడు చెబుతాడు, తీరిక చేసుకుని వెళ్ళండి.

వాళ్ళు ఢిల్లీ వెళ్ళిన రోజు చెప్పి ముగిస్తాను. అదే మూడున్నర బండి. ఈసారి ఆ అమ్మాయి పక్కన ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు ఉన్నారు. పాప నడుస్తోంది. జైల్లో నేర్చిన హిందీలో కానిస్టేబుల్‌ని "చలో, చలో" అంటోంది. నా కుర్చీలో కాంట్రాక్టరు పెట్టిన కొత్త అమ్మాయి కూర్చుని ఉంది. నేను బయట బెంచీ మీద కూర్చోబోతే, ఆంటీ లోపలికి రండి అంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గదిలో ప్రయాణికుల కుర్చీలో కూర్చున్నాను. అంత మెత్తగా ఏమీ లేదు.

మా అత్త గంజి బాటిల్‌తో గుమ్మంలో నిలబడింది. అదే మంచి చీర. పదకొండు నెలలుగా ఆ పలకరింపు ఆవిడ నోటి నుంచి రాలేదు. పాప ఆవిణ్ణి చూసి పరిగెత్తుకొచ్చింది.

"థమిన్ సా పీ బీ లా?" అని అరిచింది మా అత్త.

గదిలో అందరూ తలెత్తారు. కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ ఫోన్ తీసింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆవిడ టైము చూసుకుని ఫోన్ మళ్ళీ బ్యాగులో పెట్టేసింది.

కొత్త అమ్మాయి రిజిస్టర్ తెరిచి పేరు రాసింది, టికెట్ నంబరు రాసింది. "ఎక్కడి నుంచి?" అని హిందీలో అడిగింది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. కానిస్టేబుళ్ళూ నా వైపే చూశారు. నేను నోరు తెరవలేదు. ఇంతకుముందు ఆ గడి నింపింది చాలనుకున్నాను.

"టాటానగర్," అంది ఆ అమ్మాయి.

కొత్త అమ్మాయి టాటానగర్ అని రాసి, 'ఎక్కడికి' గడిలో ఢిల్లీ అని రాసింది. బండి ఆ రోజు గంటా నలభై నిమిషాలు లేటు. అంతసేపూ నేను ఆ రిజిస్టర్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ వచ్చి కొట్టెయ్యలేదు.